చిన్నక్కయ్య పడవెక్కిన సాయంత్రం

మొన్న పొద్దున కాఫీ తాగుతూ ఫోను చూసుకుంటుంటే మా అపార్టుమెంటు గ్రూపులో ఒక ప్రకటన కనిపించింది. ఆదివారం మధ్యాహ్నం ఉండవల్లి గుహాలయాల సందర్శన, గైడుతో సహా. సాయంత్రం కృష్ణలో పడవ విహారం, నీళ్ళ మీద సూర్యాస్తమయం. టీ, సమోసా ఉచితం. కింద నదిలోకి దిగుతున్న ఎర్రటి సూర్యుడి బొమ్మ, దానికి ఎవరో పెట్టిన నాలుగు నమస్కారాలు. పై ఫ్లాటులోకి కొత్తగా వచ్చిన అమ్మాయి నాకు విడిగా మెసేజీ పెట్టింది: ఆంటీ, మీరూ రండి, మీరు ఇక్కడి వాళ్ళే కదా, మాకన్నీ చెబుదురుగాని, అని. నేను ఇక్కడి దాన్ని కాదు, మా పుట్టిల్లు తెనాలి దగ్గర. అయినా బెజవాడలో ఇన్నేళ్ళు కాపురం చేసినందుకు దుర్గమ్మ కొండ నేనే కట్టించినట్టు చూస్తారు కొత్తగా వచ్చిన వాళ్ళు. మోకాళ్ళు నొప్పులమ్మా, మెట్లెక్కలేను అని జవాబు రాసి ఫోను బోర్లా పెట్టాను. మోకాళ్ళ నొప్పులు అబద్ధం కాదు. కాని వెళ్ళకపోవడానికి కారణం అవి కాదు. ఆ గుహలూ ఆ పడవా నేను ఒకసారి చూశాను, మా ఇద్దరు తోడికోడళ్ళతో కలిసి. ఇంకోసారి చూసే ఓపిక లేదు.

మా అత్తవారిది కూచిపూడికి అవతల, కాలువ గట్టు పక్కన ఊరు. మా అత్తగారికి ముగ్గురు కొడుకులు, నేను మూడో ఆయన భార్యని. నాకన్నా ముందు ఆ ఇంటికి వచ్చిన ఇద్దరినీ పెద్దక్కయ్య, చిన్నక్కయ్య అని పిలిచేదాన్ని. నేను కాపురానికి వచ్చేసరికే వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఆ సంగతి నాకు ముందుగా చెప్పిన వాళ్ళు లేరు. మొదటి వారంలో ఒకరోజు వంటింట్లో కూరగాయలు తరుగుతున్నాను. పెద్దక్కయ్య పొయ్యి దగ్గర నిలబడి, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పు అంది నాతో. ఎవరితో చెప్పాలో తెలియక చుట్టూ చూశాను. ఉన్నది మేం ముగ్గురమే. చిన్నక్కయ్య మూరెడు దూరంలో పీట మీద కూర్చుని చింతపండు పిసుకుతోంది. తలెత్తకుండానే ఆవిడ, ఉప్పు వేసింది నేను కాదని చెప్పు అంది. రెండు మాటలూ నేను రెండువైపులా అప్పజెప్పాను. అప్పటికే ఇద్దరూ విన్నారు, అయినా నేను చెప్పాకే ఇద్దరూ తలూపారు. ఆ రోజు నుంచి ముప్పై ఏళ్ళ పైచిలుకు నా ఉద్యోగం అదే.

ఉద్యోగం అని నవ్వులాటకి అంటున్నాను కాని, అందులో మెళకువలు కూడా నేర్చుకున్నాను. విసురుగా వచ్చిన మాటని కాస్త మెత్తబరిచి చేరవేసేదాన్ని. ఆవిడకి పనేం లేదా అని పెద్దక్కయ్య అంటే, అక్కయ్య మిమ్మల్ని కాసేపు విశ్రాంతి తీసుకోమంటోంది అని అటు చెప్పేదాన్ని. అసలు మాట చెవిన పడిన చిన్నక్కయ్య నా అనువాదం విని, సరేనని చెప్పు అనేది. పెళ్ళిళ్ళలో ఫోటోలు తీసేవాళ్ళు ముగ్గురు తోడికోడళ్ళనీ పక్కపక్కన నిలబడమంటే మధ్యలో నేనే. మా ఇంటి ఆల్బముల్లో ఏ పెళ్ళి చూసినా ఆ ఇద్దరి నడుమ నేను ఇకిలిస్తూ ఉంటాను. చూసినవాళ్ళు, చిన్న కోడలంటే ఎంత ప్రేమో ఇద్దరికీ అనుకునేవారు. ప్రేమ ఉండేది, కాదనను. కాని నేను అక్కడ నిలబడింది గోడ పనికి.

ఎందుకు మాటల్లేవో మా ఆయన చెప్పాడు. పెళ్ళైన మూడు నాలుగు నెలలకి, నేను మరీ మరీ అడిగితే, గోడవైపు తిరిగి పడుకుని రెండు ముక్కల్లో చెప్పాడు. పెద్దన్నయ్యకి ఒక కొడుకు ఉండేవాడు. ఒకటో తరగతి చదివేవాడు. వాళ్ళమ్మ ఊళ్ళో లేనప్పుడు చిన్నొదిన దగ్గరున్నాడు, కాలవలో పోయాడు. చిన్నొదిన కూతురు కూడా అప్పుడు నీళ్ళలో పడింది, ఆ పిల్ల బతికింది. అంతే చెప్పి, ఇంక ఈ ఇంట్లో ఆ మాట ఎత్తకు అన్నాడు. నేను ఎత్తలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. పెద్దక్కయ్యకి తరవాత పిల్లలు కలగలేదు. నేను కాపురానికి వచ్చిన మరుసటేడే పెద్ద బావగారు ఊరొదిలి బెజవాడ వచ్చి గవర్నర్‌పేటలో మోటారు పంపుల దుకాణం పెట్టుకున్నారు, వాళ్ళ వెనకే మేమూ వచ్చేశాం. చిన్నక్కయ్య వాళ్ళు వ్యవసాయం చూసుకుంటూ ఊళ్ళోనే ఉన్నారు. బతికిన ఆ పిల్ల పెద్దదై, పెళ్ళై, గుడివాడలో కాపురం పెట్టింది. పండక్కీ పబ్బానికీ పెద్దమ్మా అంటూ పలకరించేది. పెద్దక్కయ్య పలికేది, చీర పెట్టేది, తినడానికి పెట్టేది. ఆ పిల్లని ఒక్కసారైనా ఒంటి మీద చెయ్యి వేసి దగ్గరకి తీసుకోగా మాత్రం నేను చూళ్ళేదు.

చిన్నక్కయ్య సంగతి ఇంకోరకం. ఆవిడ ఆ రోజు తరవాత కాలవ రేవుకి వెళ్ళలేదు. గట్టు పక్కన ఇల్లు, దొడ్డి తలుపు తీస్తే కాలవ. ఆ తలుపుకి లోపలివైపు గడియతో పాటు తాళం కూడా వేసి ఉండేది. కృష్ణా పుష్కరాలకి లోకమంతా బెజవాడ వచ్చి మునుగుతుంటే ఆవిడ మా ఇంట్లో స్నానాల గదిలో బిందెడు నీళ్ళు నెత్తిన పోసుకుని అదే పుష్కర స్నానమంది. బ్యారేజీ మీద బస్సు వెళ్తున్నంతసేపూ కళ్ళు మూసుకునేది. మేమంతా నిద్ర అనుకున్నట్టు నటించేవాళ్ళం.

కొన్నేళ్ళ కిందట పెద్దక్కయ్యకి కడుపులో జబ్బు చేసింది. కోశారు, మందులెక్కించారు, జుట్టంతా పోయింది. ఒక చలికాలం డాక్టరుగారు బావగారిని పక్కకి పిలిచి, ఇంక ఆవిడని మందులతో హింస పెట్టకండి, ఇష్టమైనవి తిననివ్వండి అన్నారట. పక్కకి పిలిచి చెప్పిన మాట పెద్దక్కయ్యకి బయటికి రాకముందే తెలిసిపోయింది. ఆవిడ ఏడవలేదు. మర్నాడు నాకు ఫోను చేసి, పొద్దున పార్కులో నడిచే ఆడవాళ్ళంతా కలిసి ఉండవల్లి వెళ్తున్నారట, గుహలు చూపించి పడవెక్కిస్తారట, మూడు పేర్లు ఇవ్వు అంది. మూడోది బావగారి పేరా అని అడిగాను. కాదు, ఆవిడ పేరు అంది.

ఆవిడ అంటే ఎవరో మా ఇంట్లో అడగాల్సిన పని లేదు.  పడవెక్కాలక్కయ్యా, ఆవిడ ఎక్కదు అన్నాను. పెద్దక్కయ్య అప్పుడు అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"వాడు పుట్టింది మొదలు ప్రతి రోజూ నా దగ్గరుంది. ఆఖరి రోజొక్కటే నా దగ్గర లేదు. అది ఆవిడ దగ్గరుంది. నేను పోయేలోపు అది నాకు కావాలి."

ఇంట్లో కూర్చుని అడగొచ్చుగా అన్నాను. ఇంట్లో అయితే ఆవిడ లేచి వంటింట్లోకి పోతుంది, నేను పోనిస్తాను, ఇన్నేళ్ళూ అదేగా చేశాం అంది. పడవలో అయితే లేచి పోవడానికి ఉండదు. జబ్బు మనిషి, నెత్తికి గుడ్డ చుట్టుకుని పక్క మీద పడుకుని ఇదంతా ఆలోచించి పెట్టుకుంది. నాకు భయమేసింది. జాలి వేయాల్సిన చోట భయమేసిందేమిటా అని కూడా అనుకున్నాను.

ఈ కబురు ఫోనులో చెప్పేది కాదని బస్సెక్కి ఊరు వెళ్ళాను. చిన్నక్కయ్య మినుములు చెరుగుతోంది. పెద్దక్కయ్య రమ్మంటోంది, గుడులు చూడటానికి, తరవాత పడవ అని చెప్పాను. ఈసారి మెత్తబరచలేదు. ఎందుకు రమ్మంటోందో కూడా ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ చేట ఆపి, చాలాసేపు ఆ మినుముల్లో రాళ్ళు ఏరుతున్నట్టు వేళ్ళు కదిపింది. తరవాత, ఏ చీర కట్టుకోను అని అడిగింది. అంతకు మించి ఒక్క ప్రశ్న వేయలేదు.

మాఘమాసపు ఎండ. గవర్నర్‌పేటలో బస్సెక్కి, బ్యారేజీ దాటి, అరటితోటలూ పూలతోటలూ పక్కన పెట్టుకుని ఉండవల్లి చేరాం. బస్సులో కూడా మధ్యసీటు నాదే. మమ్మల్ని తిప్పడానికి వచ్చిన గైడు ఒక చిన్నపిల్ల, చరిత్రలో ఎమ్మే చేసి పోటీ పరీక్షలకి చదువుకుంటోందట. నడుముకి చిన్న స్పీకరు కట్టుకుని గుక్క తిప్పుకోకుండా చెప్పేది. పార్కు బృందంలో ఆడవాళ్ళతో పాటు వచ్చిన ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు ఆ పిల్లని చెప్పనిచ్చారు కాదు. ఒకాయన ఇవి పాండవులు చెక్కినవని, ఇంకొకాయన ఇక్కణ్ణించి మంగళగిరి దాకా సొరంగం ఉందని, తన తాత అందులో సగం దూరం వెళ్ళొచ్చాడని. ఆ పిల్ల ఓపిగ్గా, అలా కూడా చెప్పుకుంటారండీ అంటూ నవ్వి ముందుకి నడిచేది.

కొండని తొలిచి అంతస్తులుగా కట్టిన గుడి అది. కట్టిన అనకూడదేమో, కొండలోంచి తీసిన గుడి. కింది అంతస్తు సగంలో వదిలేశారు. స్తంభాలు మొరటుగా, ఉలి దెబ్బలతో, కొన్ని ఇంకా బండని వదిలి బయటికి రానేలేదు. పైన వరసగా కూర్చున్న రాతి మునులకి వానకీ ఎండకీ ముక్కూ మొహం అరిగిపోయాయి. గోడల్లో గూళ్ళు, చాలా గూళ్ళలో దేవుళ్ళు లేరు. పెద్దక్కయ్య ఆ కింది అంతస్తు దగ్గర ఆగి, ఎందుకమ్మా సగంలో ఆపేశారు అని ఆ పిల్లనడిగింది. తెలీదండీ అంది గైడు. ఎక్కడా రాసిపెట్టలేదట. పెద్దక్కయ్యకి ఆ జవాబు నచ్చినట్టుంది. తెలీనిది తెలీదంటున్నావు, మంచిపని అని ఆ పిల్ల భుజం తట్టింది.

మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉన్నాయి. పెద్దక్కయ్య నా భుజం పట్టుకుని నాలుగు మెట్లకోసారి ఆగుతూ ఎక్కింది. వెనకాల చిన్నక్కయ్య. ఎక్కడ పడుతుందోనన్నట్టు చేతులు రెండూ ముందుకు చాపి, తగలకుండా, గాలిని పట్టుకుని ఎక్కింది. అది పెద్దక్కయ్యకి కనపడదు, నాకు కనపడింది. పై అంతస్తులో చీకటి గదిలో పడుకున్న అనంతశయనుడు ఉన్నాడు. ఆ గోడ నుంచి ఈ గోడ దాకా ఒకే రాయి. గబ్బిలాల వాసన, నూనె దీపం మసి వాసన. గైడు విగ్రహం పొడవు చెబుతోంది, పద్మం చూపిస్తోంది, ఫోన్లు వెలుగుతున్నాయి. అందరూ చూసి బయటి గాలికి వెళ్ళిపోయారు. పెద్దక్కయ్య కదల్లేదు. చాలాసేపు చూసి, ఎవరివైపూ తిరక్కుండా, "వాణ్ణి గట్టు మీద ఇలాగే పడుకోబెట్టారు. నేను బస్సు దిగి వచ్చేసరికి" అంది.

నాతో కాదు, చిన్నక్కయ్యతో కాదు, ఆ రాతితో అన్నట్టే అంది. నా వెనక ఏదో జారిన చప్పుడైంది. చూస్తే చిన్నక్కయ్య స్తంభానికి వీపు ఆనించి నేల మీద కూర్చుండిపోయి ఉంది. లేవదీయబోతే వద్దని చెయ్యి ఊపింది. తనే లేచి, చీర దులుపుకుని, మెట్లు దిగింది. కింద పచ్చికలో అందరం టీ తాగాం. సొరంగం ఆయన ఇంకా సొరంగంలోనే ఉన్నాడు. మా ముగ్గురికీ సమోసాలు ఇచ్చారు. మూడూ నేనే తిన్నాను. గాబరా వేస్తే నాకు ఆకలెక్కువ.

మళ్ళీ బ్యారేజీ దాటి భవానీపురం వైపు ఘాట్ దగ్గర దిగాం. పొద్దు వాలుతోంది. నది మీద ఎండ పసుపు రంగు తిరిగింది. రెండంతస్తుల పడవ, రంగు బల్బులు, స్పీకర్లో పాటలు. అందరికీ నారింజ రంగు జాకెట్లు తొడిగారు. ఒడ్డుకీ పడవకీ మధ్య రెండడుగుల చెక్క వేసి ఉంది. దాని కింద నీళ్ళు గట్టుకి కొట్టుకుంటూ చప్పుడు చేస్తున్నాయి. పెద్దక్కయ్య పడవ మనిషి చెయ్యి పట్టుకుని ముందు ఎక్కింది. చిన్నక్కయ్య చెక్క దగ్గరకి వచ్చి ఆగిపోయింది. మొహంలో రక్తం లేదు. వెనక జనం తొందరపడుతున్నారు. ఫరవాలేదక్కయ్యా, మనిద్దరం ఇక్కడే కూర్చుందాం అని నేను అంటున్నాను. అప్పుడు పెద్దక్కయ్య వెనక్కి తిరిగింది. ఒక్క క్షణం చూసి, చెయ్యి చాపింది.

"రా" అంది.

రమ్మని చెప్పు, అనలేదు. రా అంది. ఆ ఒక్క అక్షరం నా మీదుగా కాకుండా నేరుగా ఆవిడ దగ్గరకి వెళ్ళడం నేను కళ్ళతో చూశాననే అనిపించింది. చిన్నక్కయ్య ఆ చెయ్యి పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, చెక్క మీద కాలు వేసింది.

కింది అంతస్తులో వెనక వైపు బెంచీ మీద కూర్చున్నాం. మిగతావాళ్ళంతా ఫోటోల కోసం పైకెక్కారు. ఇంజను చప్పుడు, డీజిలు వాసన, పై నుంచి పాట. ఈసారి మధ్యలో కూర్చుంది పెద్దక్కయ్య. పడవ ఒడ్డు వదిలాక ఆవిడ మొదలుపెట్టింది. ఆ రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పమంది. చిన్నక్కయ్య చెప్పింది.  పెద్దక్కయ్య వాళ్ళమ్మకి ఆపరేషనని బెజవాడ వెళ్ళి రెండో రోజు. బస్సులో వాంతులు చేసుకుంటాడని పిల్లాణ్ణి ఇంట్లోనే వదిలి వెళ్ళింది. పొద్దున చద్దన్నంలో పెరుగు కలిపితే తినను, ఆవకాయ కావాలన్నాడు. ఆవకాయ ముక్క కడిగి పెడితే, కడిగితే ఎలా అని పేచీ పెట్టాడు. అమ్మ ఏ బస్సుకొస్తుందని అడిగాడు, సాయంత్రం బస్సుకంటే సరేనన్నాడు. నీలం నిక్కరుకి గుండీ ఊడిపోతే చిన్నక్కయ్య తన చేతి గాజుకున్న పిన్నీసు తీసి పెట్టింది.

"ఆ పిన్నీసు నేను చూశాను" అంది పెద్దక్కయ్య. "నేను పెట్టింది కాదే, ఎవరు పెట్టారా అనుకున్నాను. ఇన్నేళ్ళూ అనుకున్నాను."

ఇంకా అడిగింది. నవ్వాడా, ఏమైనా పాడాడా, చెప్పులు వేసుకున్నాడా. ఆకలిగొన్న మనిషి అన్నం తిన్నట్టు ఒక్కొక్కటీ అడిగి తీసుకుంది. నేను నదివైపు చూస్తూ కూర్చున్నాను. లేచిపోవడానికి నాక్కూడా చోటు లేదు.

తరవాత కాలవ దగ్గరకి వచ్చారు. కాలవలకి నీళ్ళు వదిలిన కొత్త, ఎర్రనీళ్ళు, జోరుగా ఉన్నాయి. చిన్నక్కయ్య రేవులో బట్టలుతుకుతోంది. పిల్లలిద్దరూ పై మెట్టు మీద తడిమట్టితో ఆడుతున్నారు. ఎవరు ముందు జారారో తను చూడలేదంది. దుప్పటి పిండుతోందట. చప్పుడైతే తల తిప్పేసరికి మెట్టు మీద ఎవరూ లేరు. ఈత రాదు. రేవులో పాతిన గుంజని ఒక చేత్తో పట్టుకుని గుండెల లోతుకి దిగి రెండో చెయ్యి నీళ్ళలో తిప్పింది. ఒక చెయ్యి తగిలింది.

అక్కడ ఆగింది చిన్నక్కయ్య. పెద్దక్కయ్య ఎదురుచూసింది. పైన ఎవరో పాటతో పాటు చప్పట్లు కొడుతున్నారు.

"ఎవరి చెయ్యో తెలీదక్కయ్యా. ఆ నీళ్ళలో ఏమీ కనపడలేదు. పైకి లాగాక చూశాను. మా అమ్మాయి" అంది చిన్నక్కయ్య. "మీరందరూ నేను చూసే పట్టుకున్నాననుకున్నారు. చూళ్ళేదు. కాని పైకి లాగి చూశాక... మా అమ్మాయని చూసి, హమ్మయ్య అనుకున్నాను. ఒక్క క్షణం. వాడు ఇంకా నీళ్ళలో ఉన్నాడు, నేను హమ్మయ్య అనుకున్నాను. ఆ తరవాతే మళ్ళీ దిగాను. ఎంత వెతికినా తగల్లేదు. అది మీకు చెప్పలేకే నేను మీతో మాట్లాడలేదు."

నేను అప్పటిదాకా మాటలు మానేసింది పెద్దక్కయ్యే అనుకున్నాను. లోకమంతా అలాగే అనుకుంది.

పడవ నది మధ్యనున్న ద్వీపం చుట్టూ తిరిగి పడమటి వైపు మళ్ళింది. గైడు పైనుంచి మైకులో, ఇప్పుడు సూర్యాస్తమయం చూడండి అని ప్రకటించింది. అందరూ ఒకేసారి ఎడమవైపుకి పరుగెత్తారు. పడవ అటు ఒరిగింది, పెద్దగా కాదు, కాని నీళ్ళు ఒక్కసారి మా మోకాళ్ళ ఎత్తుకి లేచినట్టనిపించింది. కూర్చోండి, కూర్చోండి అని పడవ మనిషి అరిచాడు. చిన్నక్కయ్య గొంతులోంచి చిన్న శబ్దం వచ్చి, రెండు చేతులతో పెద్దక్కయ్య చెయ్యి పట్టేసుకుంది. ఆ చేయి అప్పటికే పుల్లలా ఉంది, సూది పోట్లతో నల్లబడి ఉంది. నొప్పి పుట్టి ఉంటుంది. పెద్దక్కయ్య విడిపించుకోలేదు. తిరిగి పట్టుకోనూ లేదు. పడవ సర్దుకుంది. సూర్యుడు నీళ్ళలోకి దిగిపోయాడు. పైన ఈలలు వేశారు. మేం ముగ్గురం ఆ సూర్యాస్తమయం చూడలేదు.

చీకటి పడుతుండగా పెద్దక్కయ్య నోరు విప్పింది.

"నీ చోట నేనున్నా హమ్మయ్యే అనుకునేదాన్ని. అది నాకు తెలుసు. తెలిసినా నిన్ను క్షమించడం నాకు చేతకావడం లేదు. చేతనవుతుందేమోనని ఇంతదూరం వచ్చాను. కావడం లేదు."

చిన్నక్కయ్య చేతులు తీసేసింది. "అక్కర్లేదక్కయ్యా" అంది. "మీరడిగారు. అదే చాలు."

ఒడ్డున దిగేటప్పుడు ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారో నాకు గుర్తులేదు. జాకెట్లు విప్పి కుప్పలో వేసి ఆటో ఎక్కాం. 

కథ అక్కడితో మంచిగా మారిందని చెప్పాలని నాకూ ఉంది. మారలేదు, పూర్తిగా మారకుండానూ లేదు. వారం తిరక్కుండా చిన్నక్కయ్య సంచీ సర్దుకుని బెజవాడ వచ్చి పెద్దక్కయ్య ఇంట్లో దిగింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ వెళ్ళమనలేదు. ఆ ఆఖరి నెలల్లో ఒళ్ళు తుడిచింది, పక్క మార్చింది, జావ కాచింది, వాంతులెత్తింది అంతా ఆవిడే. ఇద్దరూ నేరుగా మాట్లాడుకునేవారు. నీళ్ళు కావాలా, ఫ్యాను తగ్గించనా, దిండు ఎత్తు చేయనా. అంతకు మించి మాటలు వాళ్ళకి రాలేదు. అలవాటు పోయింది. నేను క్యారేజీ పట్టుకుని వెళ్ళి ఆ గదిలో కూర్చుంటే, నా ద్వారా వెళ్ళాల్సిన మాట ఒక్కటీ ఉండేది కాదు. నిజం చెప్పొద్దూ, నాకు ఏదో పోగొట్టుకున్నట్టుండేది. ఆ ఇంట్లో నేనెవరినో నాకే అర్థమయ్యేది కాదు.

గుడివాడ నుంచి ఆ అమ్మాయి ఒకసారి వచ్చింది. తను నీళ్ళలో పడ్డ సంగతి ఆ పిల్లకి తెలుసు, పడవలో చెప్పిన మాట తెలీదు. మేం చెప్పలేదు. పెద్దక్కయ్య మంచం పక్కన కూర్చోమని, చాలాసేపు మొహంలోకి చూసింది. ఎంతమంది పిల్లలు, ఏం చదువుతున్నారు అని, ఎన్నోసార్లు తెలిసిందే మళ్ళీ అడిగింది. ఆ అమ్మాయి జవాబు చెబుతుంటే పెద్దక్కయ్య చెయ్యి దుప్పటి మీద కాస్త ముందుకు కదిలి ఆగిపోయింది. నేను చూశాను, తలుపు దగ్గర నిలబడి చిన్నక్కయ్యా చూసింది. ఆ చెయ్యి వెళ్ళాల్సిన చోటికి వెళ్ళలేదు. అమ్మాయి లేచి వెళ్ళిపోయాక పెద్దక్కయ్య గోడవైపు తిరిగి పడుకుంది. చిన్నక్కయ్య లోపలికి వచ్చి, ఏమీ జరగనట్టు కాళ్ళు పట్టింది.

రోహిణి కార్తె ఎండల్లో, ఒక మధ్యాహ్నం, పెద్దక్కయ్య పోయింది. అప్పుడు దగ్గరున్నది చిన్నక్కయ్య ఒక్కతే. నేను బస్సులో ఉన్నాను. ఆఖరున ఏమైనా అందా అని తరవాత అడిగాను. చిన్నక్కయ్య నావైపు చూసి, "అంది. అది నా దగ్గరే ఉండనివ్వు" అంది. నేను మళ్ళీ అడగలేదు. పదమూడో రోజు అయ్యాక ఆవిడ ఇల్లంతా కడిగి, పెద్దక్కయ్య చీరలు ఎండలో వేసి మడతలు పెట్టి, బావగారికి అన్నం వండిపెట్టి, ఊరు వెళ్ళే బస్సెక్కింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఫోను చేస్తే వానల గురించీ మినుముల ధర గురించీ చెబుతుంది. పెద్దక్కయ్య ఊసు తను ఎత్తదు, నేను ఎత్తితే వింటుంది.

పై ఫ్లాటు అమ్మాయి ఆదివారం వెళ్ళొచ్చి ఫోటోలు చూపించింది. బాగున్నాయి. మునులు అలాగే అరిగిపోయి కూర్చుని ఉన్నారు. నది అలాగే ఎర్రగా ఉంది. ఎన్ని వందల ఏళ్ళయిందో కదాంటీ, కాలం ఎంత తొందరగా గడుస్తుందో అంది ఆ అమ్మాయి, వేలితో ఫోటోలు తోస్తూ. అవునమ్మా అన్నాను. కాని నేను చూసింది వేరు: మా తోడికోడళ్ళ మధ్య కాలం గడవనే లేదు, ఒక కాలవ రేవులో ఒక పూట దగ్గర అది నిలబడిపోయింది, గడిచిపోయింది వాళ్ళిద్దరే.